‘మనదే’ అనే పెద్దాయన

కానింగ్ వేల్‌లో మా పక్కింటి ఆస్ట్రేలియన్ పెద్దాయన ఎంత ముఖ్యమైన మాట చెబుతున్నా, పైన విమానం మోత వినబడితే ఆగిపోయేవారు. నొసటికి చెయ్యి అడ్డం పెట్టుకుని చూసి, "మనదే" అని తేల్చుకున్నాకే మళ్లీ మాట అందుకునేవారు. నూరేళ్లకు దగ్గరపడినా ఆ అలవాటు పోలేదు.

రెండో ప్రపంచ యుద్ధకాలంలో ఈ చుట్టుపక్కల కుర్రాళ్లతోనే కట్టిన విమాన విధ్వంసక ఫిరంగి దళంలో ఆయన పనిచేశారట. సంగతి తెలియగానే మా తెలుగు సంఘం అధ్యక్షుడు, "ఉగాది ఫంక్షన్‌లో సన్మానం చేసేద్దాం. సైటేషన్ నువ్వు రాసెయ్" అన్నాడు. సన్మానపత్రం రాసేముందు అవతలి మనిషిని వివరాలు అడగడం మన ఆనవాయితీ కాదు కదా, నేనూ అడగలేదు. శత్రు విమానాలను పిట్టల్లా రాల్చిన వీరుడని ఇంగ్లీషులో దంచేశాను.

శాలువా కప్పి, అది చదివాక, ఆయన మైకు అందుకున్నారు.

"యుద్ధం మొత్తమ్మీద మేం పేల్చింది ఒక్కసారే. అదీ మా విమానం మీదే. తగల్లేదు."

"ఎంత వినయమో చూడండి!" అన్నాడు అధ్యక్షుడు. హాలంతా చప్పట్లు. నేను మాత్రం తలెత్తలేదు.

మర్నాడు క్షమాపణ చెప్పుకోవడానికి వెళ్లాను. ఫ్రేము కట్టిన నా పత్రం అప్పటికే గోడకెక్కింది. పక్కనే పైలట్ దుస్తుల్లో నవ్వుతున్న కుర్రాడి ఫోటో.

"మేం గురి తప్పింది వీణ్ణే" అన్నారాయన. "తర్వాత మా అక్కను చేసుకున్నాడు."

"పత్రం మార్చి రాసిస్తానండీ."

"ఒక్క ముక్క కూడా మార్చకు. మా బావ బతికుంటే ఇది చదివి పడీపడీ నవ్వేవాడు. వాడి పక్కన తగిలించింది అందుకే."