చప్టాకు నేను రాసిన సారాంశం

ఆ రోజుల్లో నాకొక గట్టి నమ్మకం ఉండేది. రాసింది చదివినవాళ్లకి ఒక్కసారికే అర్థమైపోతే, రాసినవాళ్ల చదువుకి ఇక విలువేముంది అని. ఇంజినీరింగు నాలుగేళ్లూ పేజీలు నింపి మార్కులు తెచ్చుకున్నదాన్ని కాబట్టి ఆ నమ్మకం నాలో బాగా ముదిరిపోయింది. సత్తెనపల్లి ఆఫీసులో అసిస్టెంట్ ఇంజినీరుగా చేరిన రెండో నెలలోనే దాన్ని ప్రదర్శించే అవకాశం కూడా వచ్చింది. ముప్పాళ్ళ వైపు ఒక ఊరి దారిలో వాగు మీద పాత చప్టా ఉండేది. వానాకాలం వాగు పొంగితే నీళ్లు దాని మీదుగా పారేవి. బడిపిల్లల ఆటో అయినా, కాన్పుకు పోయే ఆడమనిషి అయినా, వాగు తగ్గేదాకా గట్టున ఆగాల్సిందే. అక్కడ వంతెన కట్టాలని మా ఆఫీసు నలభై పేజీల రిపోర్టు తయారుచేసింది. దానికి తెలుగులో ఒక పేజీ సారాంశం రాసి, ఊళ్లో సభ పెట్టి చదివి, దారి పక్కన పొలాలున్న రైతుల చేత ఒప్పుకోలు సంతకాలు తెమ్మని మా పై అధికారి డీఈ గారు నాకు అప్పజెప్పారు. సోమవారానికి సంతకాలు అందకపోతే ఆ పని ఆ ఏటి జాబితాలోంచి జారిపోతుంది.

మూడు రోజులు నిఘంటువు ముందేసుకుని రాశాను. మొదటి వాక్యం నాకిప్పటికీ కంఠతా వచ్చు. 'పూర్వనిర్మిత కట్టడము యొక్క ప్రవాహ వహన సామర్థ్యపు అపర్యాప్తత దృష్ట్యా, సదరు కట్టడమును సంపూర్ణముగా తొలగించుటకు ప్రతిపాదించడమైనది.' (రాసి, నాకు నేనే రెండుసార్లు పైకి చదివి వినిపించుకున్నాను.) మా ఆఫీసులో అందరూ బాబాయి అని పిలిచే వర్క్ ఇన్‌స్పెక్టర్‌కి చూపిస్తే, కళ్లజోడు సవరించుకుని చదివి, "బానే ఉందమ్మా, కోర్టు నోటీసు మాదిరి ఉంది" అన్నాడు. నేను దాన్ని మెచ్చుకోలుగానే తీసుకున్నాను. డీఈ గారు మాత్రం పేజీ పైనుంచి కిందకి ఒకసారి చూసి, "ఇందులో వంతెన ఏదమ్మా?" అని అడిగారు. తొమ్మిదో లైన్లో 'ఉన్నతీకృత ప్రత్యామ్నాయ నిర్మాణము' అని ఉంది కదా సార్ అన్నాను. "అందాకా ఎవరు ఆగుతారు? తిరగరాయి" అని చెప్పి నరసరావుపేట మీటింగుకి వెళ్లిపోయారు. తిరగరాశాను. అంటే, రెండు చోట్ల 'మరియు' తీసేసి 'తదనుగుణముగా' చేర్చాను.

శనివారం పొద్దున బడి వరండాలో సభ. ఊరు ఊరంతా వచ్చింది. నేను గొంతు సవరించుకుని మొదలుపెట్టాను. 'సంపూర్ణముగా తొలగించుటకు' దగ్గరకి రాగానే ముందు వరసలో కూర్చున్న, మిరపతోట ఉన్న ఒక తాత చెయ్యెత్తాడు.

"ఏంది, ఉన్న చప్టా పీకేస్తారా?"

"పూర్తిగా వినండి తాతా" అని, తదనుగుణముగా భూమి అవసరమగుననే రెండో వాక్యం అందుకున్నాను. అంతే, వరండా అంతా గోలగోలైంది. చప్టా పీకేసి పైగా పొలాలు కూడా గుంజుకుంటారంట అన్న మాట వెనక వరసకి చేరేసరికి కొందరు లేచి నిలబడ్డారు. గబగబా బయటికి వద్దామని చూస్తే, ఊరంతా పెద్దక్క అని పిలిచే ఒకావిడ నేను స్కూటీకే వదిలేసిన తాళంచెవి చేతిలో పట్టుకుని స్కూటీ మీదే కూర్చుని ఉంది. నాకు తోడొచ్చిన బాబాయి గోడకానుకుని వక్క నములుతున్నాడు. ఆదుకునే ఉద్దేశం ఏ కోశానా కనపడలేదు.

నా కళ్లల్లో నీళ్లు చూసిందో ఏమో, పెద్దక్క అందర్నీ ఊరుకోమంది. "ఆ కాయితం మడిచి బ్యాగులో పెట్టమ్మాయ్. మీ అమ్మకి ఫోన్లో చెప్పినట్టు చెప్పు. ఏం చేస్తారు మీరు?"

నేను ముక్కు తుడుచుకుని చెప్పాను. "చప్టా కింద తూములు సన్నవి పెద్దక్కా. వాగు నీళ్లు వాటిలో పట్టక పైనుంచి పారతన్నయి. అది తీసేసి ఎత్తుగా వంతెన కడతాం. నీళ్లు కిందనే పోతయి, మీరు పైన పోవచ్చు."

లేచి నిలబడ్డవాళ్లు మళ్లీ కూర్చున్నారు.

"వంతెన కడతారా?" అన్నాడు తాత.

"కడతాం తాతా."

"ఆ ముక్క ముందే చెప్తే అయిపోయేదిగా. ఇందాకటి నుంచీ మా ప్రాణాలు తోడతన్నావు."

అప్పుడు అసలు ప్రశ్నలు వచ్చాయి. కట్టినన్ని రోజులూ మేం ఎట్టా పోవాలి, ఒక్కొక్కరికి పొలం ఎంత పోద్ది, నష్టం ఎవరిస్తారు. అన్నిటికీ రిపోర్టులో జవాబులున్నాయి. పక్కనే తూములేసి మట్టిదారి పొయ్యడం గురించి ముప్పై ఒకటో పేజీలో ఒక బొమ్మ కూడా ఉంది. నా సారాంశంలో మాత్రం ఒక్కటీ లేదు. (అపర్యాప్తత అన్న మాట మటుకు మూడుసార్లు ఉంది.) అక్కడే ఒక బడిపిల్ల నోటు పుస్తకంలోంచి కాగితం చించి ఇస్తే, వరండా మెట్ల మీద కూర్చుని మళ్లీ రాశాను. పెద్దక్క పక్కనే నిలబడి, "చానా పొడుగవతంది, అడ్డం కొట్టు" అంటూ పర్యవేక్షించింది. తాత రెండుసార్లు చదివించుకుని మొదటి సంతకం పెట్టాడు. మధ్యాహ్నానికి సంతకాలన్నీ వచ్చాయి, తాళంచెవి వచ్చింది, దాంతోపాటు ఒక సంచీడు పచ్చిమిరపకాయలు కూడా.

సోమవారం డీఈ గారు ఆ పేజీ నిలబడే చదివేశారు. "నువ్వే రాశావా?" అన్నారు. అవునన్నాను. ఆయన అట్లాగే చూస్తుంటే, "ఊళ్లోవాళ్లు దిద్దారు సార్" అని ఒప్పుకున్నాను. "అదీ సంగతి" అని నవ్వి సంతకం పెట్టారు. మరుసటేడు వానలకి ముందే వంతెన లేచింది. తరవాత ఆ దారిన నేను ఎప్పుడు వెళ్లినా పెద్దక్క ఇంట్లో టీ తాగందే కదలనివ్వలేదు.

ఇప్పుడు నేనే డీఈని. పోయిన నెల కొత్తగా చేరిన ఇంజినీర్లకి సారాంశం ఎలా రాయాలో చెప్పమని నన్ను పిలిచారు. స్పష్టత గురించీ, క్లుప్తత గురించీ, చదివేవారి దృష్టి గురించీ స్లైడ్లు మార్చి మార్చి గంటంబావు మాట్లాడాను. ముగించి నీళ్లు తాగుతుంటే వెనక బెంచీలోంచి ఒకమ్మాయి మొహమాటంగా లేచి, "మేడమ్, మొత్తానికి మమ్మల్ని ఏం రాయమంటారు?" అని అడిగింది.