రబ్బరు చుట్టిన గ్లాసు

జిప్పులక్క తన కూతురి చెయ్యిని కుర్చీకి కట్టేసిందని వీధిలో చెప్పుకున్నారు.

మొదట్లో అంత మాట లేదు. "చెయ్యి ఎత్తొద్దందట" అని బయల్దేరింది. ఇస్త్రీ దుకాణం దగ్గరికి వచ్చేసరికి "చెయ్యి పట్టుకుని ఆపేసిందట" అయింది. మందుల షాపు దాటేసరికి దానికి కాళ్లొచ్చాయి, రెక్కలొచ్చాయి, కట్టడానికి ఓ పట్టీ కూడా దొరికింది. పాత బ్యాగు నుంచి ఊడదీసిన పట్టీతో కట్టేసిందనీ, కోర్టు తరఫున చూడటానికొచ్చినావిడ ముందు పిల్లకి ఏమీ చేతకానట్టు చూపించిందనీ అన్నారు. "కన్నతల్లేనా అసలు!" అని ఒకావిడ ముక్కున వేలేసుకుంది. ఆవిడే మర్నాడు నోరు తెరుచుకున్న హ్యాండ్‌బ్యాగు పట్టుకుని జిప్పులక్క దగ్గరికి వచ్చి, "కాస్త తొందరగా వేసిపెట్టవా అక్కా" అంది. జిప్పులక్క తల వంచుకుని వేసిపెట్టింది.

ఆమె పని అదే. మేడమెట్ల కింద ముందు గదిలో ఒక కుట్టుమిషను, గోడకి మేకులకు వేలాడే రంగురంగుల జిప్పులు, పాదాల దగ్గర దారప్పోగుల గుట్ట. ప్యాంట్లు, బ్యాగులు, చలికోట్లు, దేనికి జిప్పు పోయినా అక్కడికే వస్తాయి. మనిషి మాత్రం మాటకారి కాదు. ఎవరేం అడిగినా "ఊ" అనే ఒక్క అక్షరంతో సరిపెట్టేస్తుంది. వెనక గదిలోంచి పిట్ట కేక వినపడిందో, కుట్టు సగంలో ఉండగానే లేచి పరిగెడుతుంది.

పిట్ట ఆమె కూతురు. ఏడేళ్లది. పుట్టేటప్పుడు మెదడుకు ప్రాణవాయువు అందక, కాళ్లూ చేతులూ చెప్పిన మాట వినని పిల్ల అయింది. మెడ కాసేపు నిలుస్తుంది, కాసేపటికి వాలిపోతుంది. బుద్ధికి లోటు లేదు. ఇంట్లో ఎవరు ఎవరిమీద అలిగారో అందరికంటే ముందు దానికే తెలుస్తుంది. మాటా వస్తుంది, కాకపోతే గొంతులో నలిగి, సాగి, ముక్కలై వస్తుంది. కొత్తవాళ్లకది మూలుగులా ఉంటుంది. అమ్మకీ నానమ్మకీ మాత్రం ఒక్క ముక్క పోకుండా అర్థమవుతుంది. తండ్రి దూరపు బస్సులు నడుపుతాడు. ఇంటికొచ్చిన రోజున ఆయనక్కూడా ఒకళ్లు పక్కన కూర్చుని చెప్పాల్సిందే.

కాన్పు రోజున ఆసుపత్రిలో "బిడ్డ కదలడం లేదండీ" అని జిప్పులక్క ఒకసారి చెప్పింది. "అన్నీ మీకే తెలుసా? మాట్లాడకుండా పడుకోండి" అంది డ్యూటీలో ఉన్నావిడ. ఆమె మాట్లాడకుండా పడుకుంది. వాళ్లు వచ్చి చూసి, కంగారుపడి, అటూ ఇటూ పరిగెత్తేసరికి ఆలస్యమైపోయింది.

ఇలాంటి పిల్లల కేసులే చూసే లాయరమ్మ ఒకామె ఈ కేసు చేపట్టింది. కాగితాలన్నీ తీయించింది, పెద్ద డాక్టర్ల చేత చదివించింది. చివరికి ఆసుపత్రివాళ్లు ఆలస్యం తమదేనని ఒప్పుకున్నారు. "ఇంక మీ తప్పేం లేదని కోర్టులోనే తేలిపోయిందమ్మా. తేలిగ్గా ఊపిరి పీల్చుకోండి" అంది లాయరమ్మ. జిప్పులక్క "ఊ" అంది. కోర్టు ఏం తేల్చినా ఆమె లోపల కేసు మాత్రం కొట్టేయలేదు. రెండోసారి ఎందుకు చెప్పలేదు నేను? అరిచి గోల చేస్తే ఏం పోయేది? మహా అయితే తిట్టేవాళ్లు.

ఇక కోర్టులో మిగిలింది ఒక్కటే. పిట్టకు బతికినన్నాళ్లూ ఏమేం కావాలి? ఎలాంటి కుర్చీ, ఎంత వైద్యం, పక్కన ఉండి చూసుకోవడానికి ఎంతసేపు మనిషి. అది చూసి రాయడానికి కోర్టు ఒక నిపుణురాలిని ఇంటికి పంపిస్తుందని కబురొచ్చింది.

"మీలాంటి ఇళ్లల్లో ఒక అలవాటుంటుంది" అని లాయరమ్మ ముందే హెచ్చరించింది. "ఎవరైనా వస్తే పిల్లను ముస్తాబు చేస్తారు, వచ్చిన విద్యలన్నీ చూపిస్తారు, చేతకానివి కనబడకుండా చాటున మీరే చేసేస్తారు. ఆవిడ చూసేది కాసేపే. పిల్ల బాగానే ఉందని రాసి వెళ్లిపోతే ఆ తర్వాత మనం ఎవరికి చెప్పుకుంటాం? ఏదీ దాచొద్దు. ఉన్నది ఉన్నట్టు చూడనివ్వండి."

జిప్పులక్క తల ఊపింది. దాచొద్దన్న మాట ఇంటికొచ్చే దారిలోనే ఎక్కడో జారిపోయింది. బాగానే ఉందని రాస్తే అన్న మాట మాత్రం చెవిలో ముల్లులా ఉండిపోయింది. బాగానే ఉన్న పిల్లకు సాయం ఎందుకిస్తారు? రేపు తను మంచాన పడితే పిట్టనెవరు చూస్తారు?

ఆ ఇంట్లో దాచాల్సిన విద్య అంటూ ఉంటే అది గ్లాసు. పిట్ట రెండు చేతులతో గ్లాసెత్తి నీళ్లు తాగుతుంది. నేర్పింది నానమ్మ. స్టీలు గ్లాసు జారిపోతోందని పాత సైకిలు ట్యూబు కోసి దానికి చుట్టింది. ఎన్ని నెలలు నేర్పిందో, ఎన్ని గౌన్లు తడిశాయో లెక్కలేదు. ఒకరోజు గుక్కెడు నీళ్లు నోట్లోకి వెళ్లాయి. అప్పట్నుంచి గడప తొక్కిన ప్రతివాళ్లూ ఆ వేడుక చూడకుండా కదలడానికి వీల్లేదు. కరెంటు మీటరు చూడటానికొచ్చిన అబ్బాయిని కూడా ముసలావిడ కూర్చోబెట్టింది.

"ఇంకా చాలా ఇళ్లు తిరగాలి మామ్మగారూ!"

"తిరుగుదువుగానిలే. నీ మీటరు ఎక్కడికీ పారిపోదు. ముందు మా పిట్టకి చప్పట్లు కొట్టు."

చప్పట్లు వినపడితే పిట్ట మొహం ఇంతవుతుంది. గ్లాసు పట్టుకున్నప్పుడు దాని దర్జా ముందు ఏ పెద్ద ఆఫీసరూ పనికిరాడు.

నిపుణురాలు వచ్చే రోజు పొద్దున పిట్టకు జడ వేస్తూ, వెనక నుంచే, మొహం చూడకుండా అంది జిప్పులక్క: "ఇవాళ ఒకావిడ వస్తారు. ఆవిడ ముందు గ్లాసు పట్టుకోకే."

"ఎం...దు...కు?"

"అమ్మ చెబుతోందిగా. ఇవాళ్టికి చెయ్యి ఎత్తకు."

పిట్ట తల వెనక్కి తిప్పబోయింది. "తప్పా?" అని అడిగింది.

రిబ్బను ముడి వేస్తున్న వేళ్లు ఆగాయి. "ఇవాళ్టికి" అంది జిప్పులక్క. అత్తగారితో మాత్రం చెప్పలేదు. చెప్పడానికి మొహం చెల్లలేదు.

వచ్చినావిడ మెత్తని మనిషి. కుర్చీ వేస్తే వద్దని పిట్ట పక్కన నేలమీదే బాసింపట్టు వేసుకుని కూర్చుంది. కాళ్లు పట్టి చూసింది, బొమ్మనిచ్చి పట్టుకోమంది, మధ్యమధ్యలో పెన్సిలుతో రాసుకుంది. పిట్టకు ఆవిడ తెగ నచ్చేసింది. పళ్లన్నీ కనబడేలా నవ్వింది.

ఇంక ముసలావిడ ఆగుతుందా? రబ్బరు చుట్టిన గ్లాసులో నీళ్లు పోసుకుని తయారైంది.

"ఇది చూడమ్మా, అసలు చూడాల్సింది ఇది! ఏదీ పిట్టా, తాగి చూపించు."

పిట్ట చేతులు ఒళ్లోంచి లేవబోయాయి. అంతలోనే అమ్మవైపు చూసింది. లేచిన చేతుల్ని కిందికి నొక్కుకుంది. ఆ చేతులు దాని మాట వినడం అరుదు. ఆ రోజున విన్నాయి.

"ఏమైందే? రోజూ తాగుతావుగా? సిగ్గా?" అంది నానమ్మ.

పిట్ట నోరు తెరిచింది. మాట కోసం ఒళ్లంతా బిగుసుకుంది. చివరికి సాగదీస్తూ, విరుస్తూ ఏదో అంది.

నిపుణురాలు జిప్పులక్క వైపు తిరిగింది. "ఏమంటోందమ్మా?"

"దాహం లేదంటోందండీ."

ముసలావిడ చేతిలో గ్లాసు ఒలికింది. కోడలి వైపు ఒక్క చూపు చూసింది. ఆ చూపు కంటే చెంపదెబ్బే నయం. పరాయిమనిషి ముందు ఇంటిగుట్టు విప్పకూడదనుకుందో ఏమో, గ్లాసు నేలమీద పెట్టి విసురుగా ముందు గదిలోకి వెళ్లిపోయింది. మెట్ల దగ్గర నిలబడి చెల్లెలికి ఫోను చేసింది. ముసలావిడకు కాస్త చెవుడు. తనకు వినపడనిది ఊరికీ వినపడదని నమ్మకం. "దాన్ని చెయ్యి ఎత్తొద్దందిటే! ఆఁ, కోర్టావిడ ముందే!" అని గొంతెత్తి చెప్పుకుంది. ప్యాంటు తీసుకెళ్దామని వచ్చి మెట్లమీద నిలబడ్డ ఒకాయన ఆ మాటను జాగ్రత్తగా ఇస్త్రీ దుకాణం దాకా మోసుకెళ్లాడు.

లోపల నిపుణురాలు "దాహం లేదు" అని రాసుకుంటోంది.

పిట్ట నవ్వడం మానేసింది. అది ఏడవలేదు, మారాం చేయలేదు. అమ్మ నోటివైపే చూస్తూ ఉంది. తను అనని మాట అందులోంచి ఎలా వచ్చిందా అన్నట్టు.

జిప్పులక్కకు తను చేసిన పని కనబడింది. పొద్దున చెయ్యి లాక్కుంది. ఇప్పుడు మాట కూడా లాక్కుంది. ఆ పిల్లకు చేతులకంటే మాటే ఎక్కువ, ఇప్పుడు ఈ గదిలో ఆ మాటకున్న దారి తనొక్కతే. మాట్లాడకుండా పడుకోండి అన్న ఆ గొంతు గుర్తొచ్చింది. ఆ గొంతు ఇప్పుడు తన గొంతులాగే వినబడింది. నిజం చెబితే కేసు ఏమవుతుందో తెలుసు. ఇక తను చెప్పేది ఏదీ నమ్మరు. నమ్మకపోతే పిట్టకు మనిషిని ఇవ్వరు. అంతా తెలిసే నోరు తెరిచింది.

"కాదండీ."

"ఏమిటి కాదు?"

"దాహం లేదనలేదు. 'అమ్మ ఎత్తొద్దంది' అంది." కళ్లు నేలకే అతుక్కుపోయాయి. "గ్లాసెత్తడం దానికి వచ్చు. నేనే పొద్దున వద్దన్నాను. లాయరమ్మ చెప్పింది కాదు. నా అంతట నేనే."

ఆవిడ పెన్సిలు కింద పెట్టింది. కోప్పడలేదు. కోప్పడితే బాగుండేదనిపించింది జిప్పులక్కకు.

"ఇది కూడా రాయాలమ్మా నేను" అంది ఆవిడ మెల్లగా.

"రాయండి."

"అయితే ఇప్పుడు తనని తాగమనండి."

జిప్పులక్క కూతురి ముందు మోకాళ్ల మీద కూర్చుని, నేలమీది గ్లాసు తీసి దాని చేతుల మధ్య పెట్టింది. "అమ్మదే తప్పు పిట్టా. నీది కాదు. ఎత్తు."

పిట్ట ఎత్తింది. మోచేతులు రెండూ అటొకటి ఇటొకటి కొట్టుకున్నాయి, దవడ బిగుసుకుంది. సగం నీళ్లు గౌను మీద, కొన్ని ఆవిడ కాగితాల మీద. ఒక్క గుక్క నోట్లోకి వెళ్లింది. ఆవిడ చప్పట్లు కొట్టింది. కాని పిట్ట తల అప్పటికే వాలిపోయింది. మళ్లీ ఎత్తలేకపోయింది. చేతులు వణుకుతూనే ఉన్నాయి.

"ఎంతసేపు ఇలా ఉంటుంది?"

"మధ్యాహ్నం దాకా. ఒకసారి ఎత్తితే ఇంక ఆ పూటకి దేన్నీ పట్టుకోలేదు."

"మరి మళ్లీ దాహమేస్తే?"

"నేనే పట్టిస్తాను."

ఆవిడ చాలాసేపు రాసింది.

కోర్టులో అవతలి లాయరు వదిలిపెట్టలేదు. ఈ తల్లి ఇంకేమేం దాచిందో ఎవరికి తెలుసన్నాడు. జిప్పులక్క అందరి ముందూ నిలబడి, వద్దన్నది తనేనని ఇంకోసారి చెప్పింది. చివరికి కుర్చీ ఇచ్చారు, వైద్యం ఇచ్చారు, పగటిపూట ఒక మనిషిని ఇచ్చారు. రాత్రికి మనిషి కావాలన్నది మాత్రం కుదరదన్నారు. "అది మీ వల్ల పోలేదమ్మా, చాలా కేసుల్లో రాదు" అంది లాయరమ్మ. జిప్పులక్క "ఊ" అంది. నమ్మలేదు.

గదిలో తర్వాత ఏం జరిగిందో అత్తగారికి ఆలస్యంగా తెలిసింది. ఫోనులో అంత గట్టిగా చెప్పిన మాటను అంతే గట్టిగా దిద్దుకోవడానికి ఆవిడకు నోరు రాలేదు. పక్క మాత్రం తెచ్చి పిట్ట గదిలో వేసుకుంది. రాత్రిళ్లు పిల్లను పక్కకు తిప్పి పడుకోబెట్టడం ఇప్పుడు ఆవిడ వంతు. "నాకెలాగూ నిద్ర పట్టదు, నువ్వు పో" అంటుంది కోడలితో. క్షమాపణ లాంటిది ఆ ఇంట్లో అంతకంటే పెద్ద గొంతుతో ఎవరూ చెప్పుకోరు.

వీధిలో కథ అలాగే ఉంది, పట్టీతో సహా. జిప్పులక్క ఎవరితోనూ కాదనలేదు. కట్టలేదు గాని వద్దన్నాను కదా అనుకుంటుంది, జిప్పు పళ్లు సరిచేస్తూ. పిట్ట మాత్రం ఎవరొచ్చినా గ్లాసు అడుగుతుంది. ఎత్తే ముందు అమ్మవైపు ఒకసారి చూస్తుంది. ఆ చూపు కొత్తగా వచ్చింది. ఇంకా పోలేదు.

కోర్టావిడకు గుట్టు తెలిసిపోయిందని వీధికి తెలుసు, ఎలా తెలిసిందో మాత్రం ఎవరూ అడగలేదు. అత్తగారు బయటికెళ్లాక ఆ గదిలో పిట్ట మాట అర్థమయ్యే మనిషి వాళ్లమ్మ ఒక్కతే.