ఆంబాపోర్ బావి నీళ్లు

సూరత్‌లోని ఉధ్నాలో ముప్పై ఏళ్లు మరమగ్గాలు నడిపిన లక్ష్మీరాజానికి చెవులు మందగించాయి. పక్క మగ్గం ఆగినా తెలియడం లేదని సేటు పని మాన్పించాడు. పల్సానా అవతల ఆంబాపోర్‌లో నటూభాయ్ తోటకు కాపలా మనిషి కావాలని తెలిసి, భార్య పద్మారాణిని వెంటబెట్టుకుని అక్కడికి చేరాడు. జగిత్యాల వైపు మామిడితోటల మధ్య పెరిగినవాడు కనుక ఆ పని అతనికి కొత్త కాదు.

ఆంబాపోర్ చుట్టూ మామిడి, సపోటా తోటలే. ఒకప్పుడు ఇక్కడి పళ్లు చిన్న రైలెక్కి పోయేవట. పట్టాలు పోయాయి, పెంకుల కప్పు స్టేషను మిగిలింది. నటూభాయ్ తోటలోని మెట్లబావిని ఆయన ముత్తాత కరువు కాలంలో, కూలికి జొన్నలు కొలిచి తవ్వించాడని ముసలివాళ్లు చెబుతారు. ఆదివారాలు సూరత్ నుంచి తోటలు చూడ్డానికి వచ్చే జనానికి లక్ష్మీరాజం ఈ సంగతులన్నీ పెద్ద గొంతుతో చెప్పేవాడు. చివర్లో బావి నీళ్లు తోడి ఇచ్చేవాడు. సూరత్‌లో తెలుగువాళ్లుండే లింబాయత్ నుంచి వచ్చిన మనవాళ్లు "శక్కర గిట్ల కలిపినవా కాకా?" అంటే పొంగిపోయేవాడు.

నిరుడు తోట పక్క వాగు ఎగువన గుడ్డలకు రంగులేసే కార్ఖానా వెలిసింది. హోలీ తర్వాత బావి పక్క సపోటాలు పిందెలుగానే రాలాయి. ఒక పొద్దున పద్మారాణి చేదలోని నీళ్లు వాసన చూసి పారబోసింది.

"గిది అద్దకం వాసన. ఉధ్నాల మోరీ పక్కన బతికినోళ్లం, మనకు తెల్వదా?"

అతను వెళ్లి నటూభాయ్‌కి చెప్పాడు. ఆయన తల ఎత్తలేదు.

"తోట అమ్మకానికి పెట్టాను కాకా. బేరం కుదిరేదాకా నోరు మెదపకు."

నటూభాయ్ చెడ్డవాడు కాదు. రెండేళ్లుగా తోటలో సరైన కాపు లేదు. లక్ష్మీరాజం ఊరుకున్నాడు. మూడు వారాలు, మెట్లు పాచిపట్టాయని అబద్ధం చెప్పి జనాన్ని బావి వైపు రానివ్వలేదు.

నాలుగో ఆదివారం పరమేశ్ అనే మగ్గం కార్మికుడు, ఆరు నెలల గర్భిణి అయిన భార్య ప్రమీలతో వచ్చాడు. ఎండకు అలసిన ప్రమీల ఎవరినీ అడగకుండా మెట్లు దిగి దోసిలి పట్టింది. లక్ష్మీరాజం పరుగున దిగి ఆమె చేతులు తట్టి నీళ్లు ఒలకబోశాడు.

"తాగకు బిడ్డా! గీ నీళ్లు ఖరాబైనయ్!"

ఆ కేక తోటంతా వినిపించింది. ఆ రోజే తోట చూడ్డానికి, బేరానికి వచ్చినవాళ్లూ అక్కడే ఉన్నారు. వాళ్లు టీ తాగకుండానే కారెక్కారు. సాయంత్రం నటూభాయ్ వచ్చి తోటలో వాళ్లుండే గది తాళంచెవి కోసం చెయ్యి చాపాడు.

మర్నాడు ఊరివాళ్లు బావి చుట్టూ ముళ్లకంప వేశారు. అప్పుడే లక్ష్మీరాజానికి తెలిసింది, పక్క తోట కూలివాళ్లు ఇన్నాళ్లూ తమ చేతిపంపులో వస్తున్న అవే నీళ్లు తాగారని. ఇద్దరు కడుపునొప్పితో మంచం పట్టారు.

ఉధ్నాకు తిరిగొచ్చే ఆటోలో అతను అడిగాడు: "నేను తప్పు జేసిన్నా?"



"బావికాడ ఒర్రినందుకు గాదు," అంది పద్మారాణి. "మూడు వారాలు ఆగినందుకు. నువ్వొక్కనివే గాదు, నేను గూడ."