మల్కాపురం కుర్రాడి రక్తంలో ఖాళీ గోనెలు

1999లో గాజువాకలో ఒక చిన్న డయాగ్నస్టిక్ సెంటర్లో ల్యాబ్ టెక్నీషియన్‌గా చేరాను. మైక్రోబయాలజీ డిగ్రీ అప్పుడే పూర్తయింది. కింద మందుల షాపు, పైన మా ల్యాబ్. చుట్టుపక్కల కంపెనీల్లో ఉద్యోగం వచ్చినవాళ్లు కంపెనీ చేయించే మెడికల్ పరీక్షకి వెళ్లేముందు మా దగ్గరికొచ్చి రక్తం చూపించుకునేవారు. ఏదైనా ఉంటే ముందే తెలిసిపోతే మంచిదని వాళ్ల లెక్క.

ఆ రోజుల్లో హెపటైటిస్ బి అంటే జనానికి చాలా భయం. కుర్రాళ్ల సంఘాలు వీధి వీధికీ టీకా క్యాంపులు పెట్టేవి. మా వైపు దాన్ని కామెర్ల సూది అనేవాళ్లు.

అప్పలరాజు మల్కాపురం మనిషి. పోర్టుకి ఎరువుల ఓడ వచ్చినప్పుడల్లా గోనెలు నింపి, కుట్టి, మోసే పని చేసేవాడు. ఒక కంపెనీలో పర్మనెంటు ఉద్యోగం ఖాయమై, మెడికల్ ఒక్కటే మిగిలింది. భార్య గౌరికి నెలలు నిండుతున్నాయి. రక్తం తీయడానికి రబ్బరు పట్టీ కట్టబోతే జబ్బ నొప్పిగా ఉందని రెండో చెయ్యి ఇచ్చాడు. గోనెలు మోసే మనిషి కదా అనుకున్నాను.

మేం చేసేది ఎలీసా పరీక్ష. హెపటైటిస్ బి వైరస్‌కి పైన ఉండే తొడుగు ప్రోటీన్ రక్తంలో ఉంటే, ప్లేటులోని గుంటలో పసుపు రంగు వస్తుంది. ఆ ప్రోటీన్‌నే సర్ఫేస్ యాంటీజెన్ అంటారు. అప్పలరాజు గుంటలో రంగు లేతగా వచ్చింది. మళ్లీ చేశాను. మళ్లీ అంతే. లేతగా ఉన్నా పాజిటివ్ పాజిటివే.

రిపోర్టు కోసం భార్యాభర్తలిద్దరూ వచ్చారు. మా డాక్టరుగారు విషయం నెమ్మదిగా చెప్పారు. గౌరి మొగుడి వైపు కాకుండా తన కడుపు వైపు చూసుకుంది. అప్పలరాజు మాత్రం ఒప్పుకోలేదు.

"నాకు రాదండి. మీ కాడికొచ్చే ముందురోజే కదా, క్యాంపులో కామెర్ల సూది ఏయించుకున్నాను. టెస్టు పాసైపోవాలనే ఏయించుకున్నాను. రాకుండా ఏయించుకుంటే వచ్చేసిందంటారేటండి?"

డాక్టరుగారూ నేనూ ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. నొప్పి పుట్టిన జబ్బ గుర్తొచ్చింది.

వైరస్‌కి సొంతంగా ఏదీ తయారుచేసుకునే శక్తి లేదు. కాలేయంలోని కణంలో దూరి, ఆ కణం సామగ్రితోనే తన భాగాలన్నీ చేయించుకుంటుంది. తన జన్యుపదార్థానికి నకళ్లు, దాన్ని పెట్టుకునే గట్టి పెంకు, పెంకు మీదికి తొడుగు. పెంకునే కోర్ అంటారు. ఈ భాగాలను కూర్చే మేస్త్రి ఎవరూ ఉండరు. ఒకదానిలో ఒకటి అమరే ఆకారంలో ఉంటాయి కాబట్టి వాటంతట అవే కూడుకుంటాయి. అయితే ఈ వైరస్ విషయంలో తొడుగు ప్రోటీన్ అవసరానికి మించి తయారవుతుంది. మిగిలినదంతా లోపల ఏమీ లేకుండానే చిన్న చిన్న ఉండలుగా కట్టుకుని రక్తంలోకి వచ్చేస్తుంది. టీకా ఈ ఖాళీ ఉండలతోనే చేస్తారు. తొడుగుకి సంబంధించిన జన్యువునొక్కదాన్నే ఈస్ట్ కణాల్లో పెట్టి చేయిస్తారు. లోపల జన్యుపదార్థం ఉండదు కాబట్టి అది పెరగదు, జబ్బు చెయ్యదు. కానీ టీకా వేయించుకున్న కొత్తలో ఆ ఉండలు కొన్ని రక్తంలో తిరుగుతాయి. మా ఎలీసా చూసేది పై తొడుగునే. లోపల సరుకుందో లేదో దానికి తెలియదు.

ఇదంతా వాళ్లకెలా చెప్పాలో మొదట తోచలేదు. మీరు నింపే గోనె మీద కంపెనీ ముద్ర ముందే ఉంటుంది కదా, ఖాళీ గోనె కుట్టేసినా పై నుంచి చూస్తే అదే ముద్ర కనిపిస్తుంది కదా అన్నాను.

"కాళీ గోనెలు కుట్టేసి మేస్త్రి సేత తిట్లు తిన్నోణ్నేనండి నాను," అన్నాడు. అప్పుడే అతని ముఖం కాస్త తేరుకుంది.

"ఆ తిట్లు సాల్లేదని రగతంలో కూడా కుట్టించుకున్నాడు," అంది గౌరి.

నవ్వాం గానీ, అది నిజమైన జబ్బు కాదని ఆ రోజు మేం మాటివ్వలేకపోయాం. టీకాలో కోర్ ఉండదు, కాబట్టి కోర్‌ని ఎదుర్కోవడానికి ఒంట్లో పుట్టే యాంటీబాడీ టీకా వల్ల రాదు, నిజంగా జబ్బు సోకితేనే వస్తుంది. ఆ పరీక్షకి నమూనా పెద్ద ల్యాబ్‌కి పంపిస్తే నెగెటివ్ వచ్చింది. అయినా జబ్బు సోకిన కొత్తలో అదీ కనిపించకపోవచ్చని, కొన్ని వారాలాగి మళ్లీ చూడాల్సిందేనని డాక్టరుగారు చెప్పారు. గౌరి రక్తం కూడా చూశాం, ఏమీ లేదు. కంపెనీ డాక్టరుతో మా డాక్టరుగారే ఫోన్లో మాట్లాడారు. కంపెనీవాళ్లు తర్వాత బ్యాచ్‌తో రమ్మన్నారు గానీ, అప్పటికి ఖాళీ ఉంటుందని మాత్రం చెప్పలేదు.

ఈలోగా గౌరికి కొడుకు పుట్టాడు. పుట్టగానే టీకా వేయించారు. అప్పలరాజు ఒకసారి వచ్చి, వాళ్లమ్మ తన కంచం, గ్లాసు వేరుగా పెట్టేసిందని చెప్పాడు. కలిసి తింటే రాదని, పిల్లాణ్ని ఎత్తుకున్నా ఏం కాదని గట్టిగా చెప్పాను. తలూపాడు.

"మీరు సెప్పింది నిజమేనండి. ఆడు మరీ ఇంతే ఉన్నాడు. మీరు లేదని రాసిచ్చేదాకా నాను తాకను," అన్నాడు.

అప్పటికి నాకు పెళ్లి కాలేదు. ఇంత చెప్పినా వినడేమిటని విసుక్కున్నాను.

మళ్లీ రక్తం తీసిన రోజు ఆ గుంట వంకే చూస్తూ కూర్చున్నాను. రంగు రాలేదు. రెండోసారి చేసినా రాలేదు. సాయంత్రం ముగ్గురూ వచ్చారు. అప్పలరాజు రిపోర్టు తిప్పి తిప్పి చూసి, ఉద్యోగం సంగతి ఎత్తకుండా, "అయితే ఎత్తుకోవచ్చాండి?" అన్నాడు.

నేను చెప్పేలోపే గౌరి బిడ్డను అతని చేతుల్లో పెట్టేసింది. "ముందు పట్టుకో. ఇన్నాళ్ల బట్టీ మోసి మోసి నా సేతులు పడిపోతన్నాయి."

గోనె ఎత్తడం తెలిసిన మనిషికి పిల్లాణ్ని ఎలా పట్టుకోవాలో తెలియలేదు. మెడ కింద చెయ్యి పెట్టమని గౌరే చూపించింది. తర్వాత బ్యాచ్‌లో అతనికి ఉద్యోగం కూడా వచ్చింది.

అప్పటినుంచి ఈ పరీక్షకి ఎవరొచ్చినా, రక్తం తీసేముందే ఈమధ్య ఏదైనా టీకా వేయించుకున్నారా అని అడుగుతున్నాను. పరీక్ష దేన్ని చూస్తుందో అంతవరకే చెబుతుంది, మిగతాది మనిషిని అడిగి తెలుసుకోవాలి. ఇది నేను పుస్తకంలో చదివిందే అయినా అప్పలరాజు వల్లే అలవాటైంది.

ఇప్పుడు పక్కన మా పాప నిద్రపోతోంది. రేపు దానికి అదే టీకా, చివరి డోసు. అందులో ఉన్నవి ఖాళీ గోనెలేనని నాకన్నా బాగా ఎవరికి తెలుసు? అయినా ఇందాకటినుంచి లేచి లేచి దాని ఒళ్లు వెచ్చగా ఉందేమోనని చూస్తున్నాను. తాకనని మొండికేసిన అప్పలరాజు మీద అప్పట్లో వచ్చిన విసుగు ఇప్పుడు రావడం లేదు.