పెదాలు కలిపిన ఫోటో

స్టూడియోక్క అసలు పేరు ఏమిటో ఆ వీధిలో సగం మందికి తెలియదు. బస్టాండు ఎదురుగా, చెప్పుల దుకాణం పైన ఉన్న ఫోటో స్టూడియో ఆమెది, ఆమె భర్తది. పెళ్ళయిన కొత్తలో ఆడవాళ్ళు ఆయన ముందు సర్దుకుని కూర్చోవడానికి మొహమాటపడుతున్నారని ఆయనే ఆమె చేతికి కెమెరా ఇచ్చాడు. దాన్ని మళ్ళీ తీసుకోవలసిన అవసరం ఆయనకు రాలేదు. ఇప్పుడాయన కౌంటరు దగ్గర కూర్చుని పాస్‌పోర్టు సైజు ఫోటోలు కత్తిరిస్తాడు, వచ్చినవాళ్ళతో లోకాభిరామాయణం మాట్లాడతాడు.

ఆయన దగ్గర నేర్చుకున్న పనిలో ఆమె ఎన్నడూ తప్పని సూత్రం ఒకటుంది. నోరు తెరుచుకున్న ఫోటో పాడైపోయిన ఫోటో. “నోరు తెరిస్తే ఆవులించినట్టన్నా ఉంటుంది, అరిచినట్టన్నా ఉంటుంది. రెండిట్లో దేన్నీ ఎవరూ ఫ్రేము కట్టించుకోరు,” అనేవాడాయన. ఎదురుగా ఉన్నది బ్యాంకు మేనేజరైనా, పాలబుగ్గల పిల్లయినా, కెమెరా ఎత్తగానే ఆమె నోట వచ్చే మొదటి మాట “పెదాలు కలపండి”. ఫిల్ము రోజుల్లో అలాంటి ఫోటోలను కడిగాక చించేసేది. డిజిటల్ వచ్చాక పని మరీ తేలికైంది. తీసి, నిలబడ్డచోటే వెనక్కి తిప్పి చూసి, నోరు తెరిచినవాటిని బొటనవేలితో చెరిపేసుకుంటూ పోతుంది. బియ్యంలో రాయి ఏరినట్టు, చూపు ఎక్కడో ఉన్నా వేలు తన పని తాను చేసుకుపోతుంది.

వార్డు ఎన్నికలు దగ్గరపడుతుండగా లైబ్రరీ మేడమ్ మెట్లెక్కి వచ్చింది. ఊళ్ళో ఆడవాళ్ళు ఓటు వేసి రావడమే తమ పని అనుకుంటారు, నిలబడడం మాత్రం ఎవరో ఇంకొకరి పని. ఆ అనుకోవడాన్ని కాస్త కదపాలని ఆమె ఆలోచన. ఇప్పటికే గెలిచి మెంబర్లుగా ఉన్న ఆడవాళ్ళ ఫోటోలు, పక్కనే వాళ్ళు చెప్పిన కథలు లైబ్రరీ హాల్లో గోడలకు పెట్టాలి.

“ఫోటోలు మీవి, కథలు నావి. వాళ్ళ నోటితోనే చెప్పించుకుని ఉన్నదున్నట్టు రాస్తాను. చూసినవాళ్ళలో ఒక్కత్తె ఇంటికెళ్ళి ‘నేనూ నిలబడతా’ అంటే చాలక్కా.”

“ఒక్కత్తేమిటి మేడమ్, కళ్ళు చెదిరేట్టు తీస్తా. పది మంది నిలబడతారు,” అంది స్టూడియోక్క.

ఎవరి పని వాళ్ళు చేసుకున్నారు. ఒకరిది ఒకరు చూడలేదు.

ఆ ఫోటోల్లో స్టూడియోక్క అన్నిటికన్నా ఇష్టపడి తీసినది టైలరమ్మది. ఇంట్లోనే మెషీను పెట్టుకుని జాకెట్లు, స్కూలు బట్టలు కుట్టే మనిషి. మార్కెట్టు ఉన్న వార్డుకు మెంబరు. మళ్ళీ నిలబడాలనుకుంటోంది. మార్కెట్టులో ఆడవాళ్ళ మరుగుదొడ్డికి తాళం వేసి, తాళంచెవి మున్సిపల్ ఆఫీసులో పెట్టుకున్న సంగతి మీద ఆమె కౌన్సిల్ సభలో లేచి మాట్లాడిన రోజున స్టూడియోక్క గోడవార కెమెరాతో నిలబడి ఉంది. కిటికీ వెలుతురు సరిగ్గా టైలరమ్మ ముఖం మీద పడుతోంది. ఒక చెయ్యి బల్ల మీద ఆనించి, రెండోది పైకెత్తి ఆమె మాట్లాడుతున్నంతసేపూ స్టూడియోక్క వరసగా నొక్కుతూనే ఉంది. సభ ముగియక ముందే వెనక్కి తిప్పి చూసింది. అన్నిట్లోనూ నోరు తెరిచే ఉంది. ముందు పళ్ళ మధ్య సందు నల్లగా కనపడుతోంది. వేలు తన పని తాను చేసింది. చివరికి ఒకటి మిగిలింది. చైర్మన్ జవాబు కోసం టైలరమ్మ ఆగిన క్షణం అది. పెదాలు కలిసి ఉన్నాయి.

స్టూడియోకు వచ్చి కంప్యూటరులో చంక కింద చెమట మరక తీసేసింది. కళ్ళ కింద నలుపు తగ్గించింది. పెదాల చివరలు ఒక పిసరు పైకి లేపింది.

“క్యాలెండరు మీద వేయొచ్చు,” అన్నాడు భర్త కళ్ళజోడు పైకి తోసుకుని. ఆ మాటకు ఆమె మురిసిపోయింది కూడా.

ప్రదర్శన సాయంత్రం మొదలవుతుందనగా పొద్దున్నే ఫ్రేములు తగిలించడానికి హాలుకు వెళ్ళింది. మేడమ్ అప్పటికే కథలున్న కాగితాలు గోడకు అంటించేసి, నిచ్చెన పట్టుకుని నిలబడింది. స్టూడియోక్క టైలరమ్మ ఫోటో తగిలించి, వంకర లేదు కదా అని వెనక్కి జరిగి చూసుకుని, పక్కనున్న కాగితం ఊరికే చదవడం మొదలుపెట్టింది.

“చిన్నప్పుడు పంపు దగ్గర జారిపడి ముందు పన్ను పోయింది. పక్కది వంకరగా వచ్చింది. అప్పట్నుంచి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోకుండా నేను ఎవరితోనూ మాట్లాడలేదు. కుట్టేటప్పుడు రెండు చేతులూ పనిలో ఉంటాయి కాబట్టి అసలు మాట్లాడేదాన్నే కాదు. గెలిచాక కూడా సభలో అట్లాగే కూర్చున్నా. మార్కెట్టులో కూరలమ్మే పెద్దావిడ ఆ తాళం ముందు పడ్డ అవస్థ కళ్ళారా చూశాక ఉండబట్టలేక లేచా. కాళ్ళు వణుకుతున్నాయని ఒక చెయ్యి బల్ల మీద ఆనించా. నా మాట వినమని రెండో చెయ్యి ఎత్తా. నోటికి అడ్డం పెట్టుకోవడానికి ఇంకో చెయ్యి లేదు. సగం మాట్లాడాక తెలిసింది, నా పన్ను సభంతా చూస్తోందని. అయినా ఆపలేదు. ఎవరూ నవ్వలేదు. సాయంత్రానికి తాళం తీశారు.”

స్టూడియోక్క ఇంకోసారి చదవలేదు. చదవక్కర్లేదు. కాగితం పక్కన టైలరమ్మ పెదాలు బిగించి, అడగని ప్రశ్నకు ఒప్పుకున్నట్టు సన్నగా నవ్వుతోంది. స్టూడియోక్కకు తల కొట్టేసినట్టయింది.

మేడమ్ కూడా ఫోటో వైపు చూసింది, కాగితం వైపు చూసింది.

“ఆ రోజుదే ఇంకోటి లేదా అక్కా? మాట్లాడుతున్నది.”

“చాలా తీశాను.”

“మరి?”

“చెరిపేశాను.”

“పొరపాటునా?”

అవునంటే సరిపోయేది. మేడమ్ నమ్మేది కూడా. ఆ మాట గొంతు దాకా వచ్చింది.

“కాదు,” అంది స్టూడియోక్క.

ఫ్రేము తీసి చంకలో పెట్టుకుని స్టూడియోకు వచ్చింది. అద్దాల బీరువాలో నమూనాకు పెట్టిన ఫోటోలన్నీ వరసగా ఆమెను చూశాయి. ఊళ్ళో సగం మంది అందులోనే ఉన్నారు, అందరూ పెదాలు కలిపి. రోజూ తుడిచే అద్దమే అది. ఇవాళ దాని ముందు నిలబడలేకపోయింది.

“మెమరీ కార్డులో వేరే ఫోటోలు ఎక్కించేశాంగా, చెరిపినవి ఎక్కడ దొరుకుతాయి?” అన్నాడు భర్త విషయమంతా విని. “అయినా ఫోటో లక్షణంగా ఉంది. ఆవిడేమన్నా వద్దంటుందా?”

“వద్దనదు. అదే కదా గొడవ,” అని ఆమె ఫ్రేము సంచీలో పెట్టి, కెమెరా భుజాన వేసుకుని మెట్లు దిగింది.

టైలరమ్మ ఇల్లు ఒక గది, దానికో వంటగది. కిటికీ దగ్గర మెషీను. గోడవార మంచం మీద ఆమె అత్త కూర్చుని కుట్టిన బట్టలకు వేలాడుతున్న దారపు కొసలు కత్తిరిస్తోంది.

“రండక్కా, సాయంత్రమే కదా? నేను ఇస్త్రీ కూడా చేసి పెట్టుకున్నా,” అంది టైలరమ్మ లేవబోతూ, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని.

ఉన్న మాట చెప్పడానికి స్టూడియోక్కకు ముఖం చెల్లలేదు. “వెలుతురు సరిగా పడలేదమ్మాయ్, ఇంకోటి తీద్దామని వచ్చా,” అంది.

“అయ్యో, బాగా పడిందని ఆ రోజు మీరే అన్నారుగా?”

ఆ అమాయకపు ప్రశ్న ముందు అబద్ధం నిలబడలేదు. స్టూడియోక్క ఫ్రేము సంచీలోంచి తీసి చేతికిచ్చింది. టైలరమ్మ దాన్ని కిటికీ వైపు తిప్పి చూసింది.

“ఎవరక్కా ఈవిడ? మా చెల్లెలు కూడా ఇంత బాగుండదు.” నవ్వబోయి ఆగిపోయింది. “నేను మాట్లాడుతున్నది లేదా?”

“ఉండేవి. నేనే చెరిపేశా.”

“పన్ను కనపడుతోందనా?”

స్టూడియోక్క తలూపింది. టైలరమ్మ ఫ్రేమును మంచం మీద బోర్లా పెట్టి, మెషీను ముందు కూర్చుని, సగంలో ఉన్న చొక్కా చేతికి కుట్టు వేసింది. అవసరమైన దానికన్నా పొడుగ్గా వేసింది. దారం తెంపడానికి ఎప్పుడూ పళ్ళు వాడే మనిషి, ఇవాళ కత్తెర కోసం వెతికింది. అది కూడా స్టూడియోక్క చూసింది.

“తీయండి మరి, ఇప్పుడు మాట్లాడతా,” అంది చివరికి.

స్టూడియోక్క కెమెరా ఎత్తింది. పెదాలు కలపమనలేదు. టైలరమ్మ పెదాలు వాటంతట అవే కలిశాయి. మళ్ళీ ప్రయత్నించింది. ఈసారి చెయ్యి లేచి నోటికి అడ్డం వచ్చింది. ఏదైనా మాట్లాడమంటే “ఏం మాట్లాడను?” అని గొంతులోనే గొణిగింది.

“నా వల్ల కాదక్కా. మీరు అది ఎత్తితే చాలు, నోరు మూసుకుపోతుంది. నాదొక్కదానిదే కాదు, ఈ ఊళ్ళో అందరిదీ అంతే.”

ఆమె దెప్పిపొడవడానికి అనలేదు. ఎండగా ఉందన్నంత మామూలుగా అంది. స్టూడియోక్క కెమెరా దించేసింది. ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు దాన్ని పొట్టకు ఆనించుకుని నిలబడింది.

ముసలావిడ కత్తెర పక్కన పడేసింది. “ఇటియ్యమ్మా ఆ డబ్బా. ఏది నొక్కాలో చూపించి నువ్వు అవతలికి పో.”

“నీకెక్కడ చేతనవుతుంది అత్తా?” అంది టైలరమ్మ.

“నీకు చేతనయిందా గెలవడం?”

స్టూడియోక్క బొత్తాం చూపించి, పట్టీ ముసలావిడ మెడలో వేసింది. గడప దాటి, మెట్టు మీద విడిచిన చెప్పుల పక్కన నిలబడింది. తన పని జరుగుతున్న గదిలోంచి తాను బయటికి నడవడం ఆమెకు అదే మొదలు.

లోపల్నుంచి ముసలావిడ గొంతు వినిపించింది. “మళ్ళీ నిలబడతావంటగా. ఇన్నాళ్ళుండి ఏం ఉద్ధరించావని? ఒక తాళం తీయించావు. ఒక్క తాళం కోసం ఇంట్లో అన్నం చల్లారిపోవాలా?”

“తాళమేనా అత్తా? మొన్న కాళ్ళు నొప్పులని మార్కెట్టులో కూర్చుండిపోయావే, ఆ బెంచీ ఎవరు వేయించారు?”

“బెంచీకి ఒక కాలు పొట్టి.”

“పొట్టే. దానికోసమే మళ్ళీ నిలబడతా. దానికోసమూ, వీధి దీపాలకోసమూ. చల్లారిన అన్నం నీ కొడుకు వేడి చేసుకోలేడా? చేతుల్లేవా?”

మాటల మధ్య టక్కు టక్కుమని కెమెరా చప్పుడు. టైలరమ్మ గొంతు పెరిగింది. వీధిలో పోతున్న సైకిలతను తల తిప్పి చూశాడు. స్టూడియోక్క గోడకు ఆనుకుని విన్నది. ఆ గొంతు తనకు కొత్తగా ఉంది. సభలో అంతసేపు ఎదురుగా నిలబడి వెలుతురు చూసుకుంది, చెయ్యి చూసుకుంది. ఆమె ఏం చెప్పిందో ఒక్క మాట కూడా గుర్తు లేదు. ఆ సభ గురించి పేపర్లో చదివినవాళ్ళకు తెలిసినంత కూడా తనకు తెలియదు.

ముసలావిడ తీసినవాటిలో చాలావరకు ఇంటి కప్పు, మెషీను చక్రం పడ్డాయి. ఒకదాంట్లో మాత్రం టైలరమ్మ ఉంది. ఫోటో పక్కకు ఒరిగిపోయింది. నుదురు పైభాగం తెగిపోయింది. ఎత్తిన చెయ్యి అలికినట్టు చెదిరింది. నోరు బార్లా తెరిచి ఉంది. పళ్ళ సందు నట్టనడుమ కనపడుతోంది. స్టూడియోక్క దాన్ని సరిచేయకుండా అచ్చు తీసింది. కంప్యూటరు ముందు కూర్చున్నంతసేపూ వేలిని తొడ కింద పెట్టుకున్నంత పని చేసింది.

సాయంత్రం హాలు నిండింది. మిగతా ఫోటోలు తీర్చిదిద్దినట్టు ఉన్నాయి. జనం వాటిని చూసి బాగున్నాయంటూ ముందుకు పోతున్నారు. టైలరమ్మ ఫోటో దగ్గరకు వచ్చి మాత్రం ఆగుతున్నారు, కాగితం చదువుతున్నారు, మళ్ళీ ఫోటో చూస్తున్నారు. టైలరమ్మ దాని పక్కనే నిలబడి, అడిగినవాళ్ళకు బెంచీ సంగతి చెబుతోంది. చెయ్యి ఒక్కోసారి నోటి దాకా వెళ్ళి వస్తోంది.

“ఇది మీరే తీశారా?” అని బ్యాంకు మేనేజరు స్టూడియోక్కను అడిగాడు, కొంచెం జాలిగా.

“కాదండీ, వాళ్ళ అత్తగారు.”

“అదీ, అనుకున్నా. మీ చేతి పని ఇట్లా ఉండదు.”

మెచ్చుకోలే అది. ఆమె చెంపలు మండాయి.

అప్పుడే ముసలావిడ మనుషులను తోసుకుంటూ వచ్చి, ఫోటో ముందు నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది. “ఇదేంటి, నా కోడలి తల సగం నరికేశా! నువ్వు గుమ్మంలోనే ఉన్నావుగా అమ్మాయ్, కాస్త పైకెత్తమని చెప్పొద్దూ?”

“నేను బయట ఉన్నాను పిన్నీ,” అంది స్టూడియోక్క. “నేనుంటే ఆ ఫోటో పడేది కాదు.”