దుమ్ములగొండి పాఠం

రామచంద్ర సారుది ధర్మవరం. పన్నెండేళ్లుగా రోజూ రైల్లో హిందూపురం వచ్చి కాలేజీలో జంతుశాస్త్రం చెప్పేవాడు. ఆయన పాఠాల్లో పిల్లలు మరిచిపోనిది దుమ్ములగొండి పాఠం.

"తల్లి కడుపులో ఉండగానే వాటికి మగ హార్మోన్లు ఎక్కువగా అందుతాయి. అందుకే ఆడదాని జననాంగం కూడా మగదానిలా పెరుగుతుంది. చూసి మోసపోకండి" అనేవాడు. క్లాసంతా గొల్లుమనేది. అది ఆఫ్రికాలోని మచ్చల జాతి సంగతనీ, మన కొండల్లో తిరిగే చారలది అలా ఉండదనీ పుస్తకంలో ఆ కిందే ఉంది. ఆ ముక్క చెబితే నవ్వు చల్లారుతుందని ఆయన ఏనాడూ చెప్పలేదు.

2003 మార్చిలో పాత విద్యార్థి కుళ్ళాయప్ప స్టాఫ్‌రూముకు వచ్చాడు. పెనుకొండలో ఫారెస్టు వాచరు.

"నీ పాఠం అక్కరకొచ్చె సార్. నిన్న లారీ గుద్ది దుమ్ములగొండి సచ్చింది. మేకల చిన్నమ్మ సూసి ఆడదనె, గుండ్ల సందున పిల్లలుంటాయి ఎతుకుదాం రా అనె. ఆడది మగదాని మాదిరి ఉంటాదంటే, ఆడదాని మాదిరి ఉండేది మగదే గదా? మగ అని రాసి పూడ్సినాం."

"ఏమప్పా రామచంద్రా, అడివిలో గుడక నీ శిష్యులే" అన్నాడు పక్కాయన. అందరూ నవ్వారు. చెప్పకుండా వదిలేసిన ఆ ముక్క సారుకు గుర్తొచ్చింది. అయినా ఆ నవ్వును చల్లార్చలేక "మంచిదప్పా" అన్నాడు.

ఇంటికెళ్లే రైలు రోజూ పెనుకొండలో ఆగేది. మూడు సాయంత్రాలు ఆయన కిటికీలోంచి కొండను చూస్తూ కూర్చున్నాడు. నాలుగో రోజు దిగి కుళ్ళాయప్పను వెంటబెట్టుకుని చిన్నమ్మ దగ్గరికి పోయాడు.

చిన్నమ్మ ఇద్దరినీ కొండమీది రాతి గుండ్ల దగ్గరికి తీసుకుపోయింది. సందులో రెండు పిల్లలు ఒకదానికొకటి కరుచుకుని డొక్కలెండి చచ్చి ఉన్నాయి.

"నా కుక్క ఈడికే వచ్చి మొరుగుతాండె సార్. ఈయప్ప మగదనేసరికి ఉడుమేమో అనుకుంటి. నిన్నటి నుంచి మొరగల్యా."

కుళ్ళాయప్ప తల వంచుకున్నాడు. "నేను తప్పు రాసినానా సార్?"

"నీది కాదప్పా. నేను సగమే చెప్పినా. నువ్వొచ్చిన పొద్దు తెలిసీ ఊరకున్నా."

"ఆ పొద్దే చెప్పింటే బతికేటివి గదా సార్?" అంది చిన్నమ్మ. తిట్టలేదు, అడిగింది.

కుళ్ళాయప్ప సంచిలోంచి రిజిస్టరు తీసి 'మగ' కొట్టేసి 'ఆడ' అని రాశాడు. కింద 'పిల్లలు రెండు' అని రాసి ఆగాడు.

"సావుకు కారణం అని ఒక గడి ఉండాది సార్. ఏం రాసేది?"

సారు పెన్ను తీసుకుని తన పేరు రాశాడు.