పట్టుకున్న చోటే వదలాలి: ఫరీదాబాద్‌లో ఒక రోజు

మా ఊరి మునిసిపాలిటీ వాళ్ళు వీధికుక్కలకు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్లు చేసే కేంద్రం పెడతామనీ, ఆ బాధ్యత నన్ను తీసుకోమనీ అడిగినప్పుడు నేను వెంటనే సరేననలేదు. నరసరావుపేటలో చాలా ఏళ్ళుగా పశువైద్యం చేస్తున్నాను కాబట్టి కత్తి పట్టడానికి భయం లేదు. భయమంతా మనుషులతోనే. కుక్కల్ని చంపెయ్యమనేవాళ్ళూ, వాటిని ముట్టుకోవద్దనేవాళ్ళూ ఒకరి మొహం ఒకరు చూసుకోరు గానీ, డాక్టర్ని తిట్టాల్సి వస్తే మాత్రం ఏకమైపోతారు. నా క్లాస్‌మేట్ ఉష ఫరీదాబాద్‌లో ఇలాంటి కేంద్రమే నడుపుతోంది. ఫోన్‌లో నా గోడంతా విని, "ఒసే శైలజా, చూడకుండా వద్దనమాకు. వచ్చి ఒక రోజు చూడు, తర్వాత నీ ఇష్టం" అంది. డిసెంబరులో రమ్మనడం మాత్రం పాత స్నేహితురాలు చేయాల్సిన పని కాదు.

దేశ రాజధానిలో, లక్ష్మీ నగర్‌లోని కోచింగ్ పిల్లల హాస్టళ్ళ మధ్య ఒక చిన్న హోటల్లో దిగాను. వెయ్యి రూపాయల లోపు గది, వేడినీళ్ళు అడిగితే బకెట్‌తో తెచ్చిచ్చారు. కుక్కల్ని పట్టే పని తెల్లవారగానే మొదలవుతుందని ఉష ముందే చెప్పడంతో ఆరు కాకముందే మెట్రో ఎక్కాను. లక్ష్మీ నగర్ నుంచి మండీ హౌస్ దాకా బ్లూ లైన్, అక్కడ వయొలెట్ లైన్‌కు మారితే సరాసరి ఫరీదాబాద్. గంట పైన పడుతుంది, టికెట్ అరవై రూపాయలకు అటూ ఇటూ. బాటా చౌక్‌లో దిగేసరికి పొగమంచులో ఎదుటి మనిషి మొహం కనిపించడం లేదు. మంకీ క్యాప్ పెట్టుకున్న నన్ను చూసి, ఉష పంపిన కేంద్రం వ్యాన్ డ్రైవర్ సత్పాల్ నవ్వాపుకోవడానికి కాస్త కష్టపడ్డాడు.

మేం మొదట వెళ్ళింది కొత్తగా కట్టిన ఎత్తైన అపార్ట్‌మెంట్ల దగ్గరికి. గేటు దగ్గర మఫ్లర్ చుట్టుకుని అక్కడి సెక్రటరీ నిలబడి ఉన్నాడు. పేరు శ్రీధర్, కరీంనగర్ వాడు, గురుగ్రామ్‌లో ఉద్యోగం, శనివారం కాబట్టి ఇంట్లో ఉన్నాడు. నేను ఫోన్‌లో ఉషతో తెలుగులో మాట్లాడటం విని అతని మొహం వెలిగిపోయింది.

"మీరు తెలుగోళ్ళా మేడం? హమ్మయ్య, నా బాధ మీకన్న అర్థమైతది. వారం సంది ఈ కుక్క కనవడ్డోని మీదికల్లా వస్తుంది. తీస్కపోండ్రి, మల్ల ఈడికి తేకుండ్రి."

"ఆపరేషన్ చేసి, రేబీస్ టీకా వేసి మళ్ళీ ఇక్కడే వదులుతారండి. ఎక్కడ పడితే అక్కడ వదలకూడదు, రూలు అది."

"యమున అవతల వదిలేస్తే ఎవలు చూస్తరు?"

"అవతల కూడా పిల్లలున్నారండీ" అన్నాను. ఈ కుక్క పోతే దీని చోటులోకి టీకా లేని కొత్త కుక్కలు వస్తాయని కూడా చెప్పాను. ఆయన తల ఊపాడే గానీ విన్నట్టు లేదు. అప్పటికే వ్యాన్‌లో మాతో వచ్చిన ఇద్దరు మనుషులు ఆ గోధుమరంగు ఆడకుక్కను వలలో పట్టేశారు. అది నానా యాగీ చేస్తూ వల తాళ్ళు కొరుకుతోంది. శ్రీధర్ వెనకాల పదేళ్ళ పాప వెక్కివెక్కి ఏడుస్తోంది. "మా బిడ్డ అన్వి మేడం. కుక్కలంటే పానం దీనికి" అన్నాడు.

అక్కడి నుంచి ఉష కేంద్రానికి వచ్చేసరికి వంట చేసే కమలా దీదీ ముల్లంగి పరాఠాలు చేసి కూర్చుంది. "కుక్కలు ఎక్కడికీ పోవు, పరాఠా చల్లారిపోతుంది" అని హిందీలో గదమాయించింది. తింటూ చుట్టూ చూశాను. ఒక పక్క ఆపరేషన్ గది, ఇంకో పక్క ఎవరైనా జంతువును తెచ్చి చూపించుకునే చోటు. టీ బండి నడిపే ఒకావిడ, పురుగులు పట్టిన పుండుతో ఉన్న కుక్కను గోనెసంచిలో చుట్టి తెచ్చింది. డబ్బులు ఇవ్వగలిగితే డబ్బాలో వేస్తారు, లేకపోతే లేదు. మా ఊళ్ళో వైద్యం ఖర్చుకు జడిసి మేకను పుండుతోనే అమ్మేసుకున్నవాళ్ళు నాకు తెలుసు. ఈ రెండో గది లేకుండా మొదటి గది పెట్టి లాభం లేదని నాకు అక్కడే అనిపించింది.

తెచ్చిన రోజే ఆపరేషన్ చేయరు. ఒళ్ళంతా పరీక్షించి, రాత్రికి పస్తు పెట్టి, మర్నాడు చేస్తారు. గోధుమరంగు కుక్క మూతికి గుడ్డ కట్టి వెల్లకిలా తిప్పింది ఉష. ఒత్తైన బొచ్చులో వేళ్ళు పోనిచ్చి ఆగిపోయింది. చనుమొన నొక్కితే పాలు చివ్వున వచ్చాయి.

"పిల్లతల్లే ఇది. కనపడ్డవాళ్ళ మీదికి రాక ఏం చేస్తుందే!" అంది.

ఆ చలిలో ఎక్కడో కళ్ళు కూడా తెరవని పిల్లలు తల్లి కోసం చూస్తున్నాయి. పిల్లలు పాలు మానేదాకా తల్లికి ఆపరేషన్ చేయకూడదు, ముందు దాన్ని వాటి దగ్గరికి చేర్చాలి. శ్రీధర్‌కు ఫోన్ చేశాను. "పిల్లలు గిల్లలు ఏం లెవ్వు మేడం, నేను రోజు చూస్తున్న కద" అన్నాడు. అవి ఆయనకు చెప్పి పుడతాయా? దానికి టీకా వేసి వ్యాన్ ఎక్కించాం. ఉషకు వేరే ఆపరేషన్లు ఉండటంతో నేనూ సత్పాల్ బయలుదేరాం.

గేటు దగ్గర కాపలా మనిషి అడ్డం నిలబడ్డాడు, సెక్రటరీ సాబ్ వద్దన్నారని. శ్రీధర్ దిగొచ్చాడు. కమిటీలో అందరితో మాట్లాడాలి, రేపు మీటింగ్ పెడతానన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

"మీ మీటింగ్ అయ్యేదాకా పాలు తాగకుండా ఉండమని ఆ పిల్లలకు మీరే చెప్పండి" అన్నాను. గొంతు కాస్త ఎక్కువే లేచింది.

అప్పుడు అన్వి లిఫ్ట్ దగ్గర నుంచి పరిగెత్తుకొచ్చింది. "ముఝే పతా హై కహాఁ హై" అంది. ఎక్కడున్నాయో తనకు తెలుసంటూ నా చెయ్యి పట్టుకుని జనరేటర్ గది వెనక్కి లాక్కెళ్ళింది. పారేసిన చెక్కపెట్టె, అందులో ఒక పాత ఎర్ర స్వెటరు, దాని మీద నాలుగు పిల్లలు. మూడు కుయ్యిమంటున్నాయి, నాలుగోది చల్లబడి మెత్తగా వాలిపోయింది. దాన్ని నా స్వెటర్‌లో దూర్చుకుని వెచ్చబెట్టాను. సత్పాల్ తల్లిని వదిలాడు. అది మమ్మల్నెవరినీ పట్టించుకోకుండా నేరుగా పెట్టెలోకి దూకి పడుకుంది. కాస్త కదలిక వచ్చాక నాలుగోదాన్ని కూడా తల్లి పక్కన పెట్టాను. అది వెతుక్కుని వెతుక్కుని చివరికి చన్ను అందుకుంది.

అన్వి సంబరంగా చెయ్యి చాచి వేలితో చూపిస్తుంటే ఆ పాప జాకెట్ చెయ్యి పైకి జరిగింది. మణికట్టు దగ్గర రెండు చిన్న గాట్లు, పక్కనే ఒక గీరు. పక్కు కట్టేశాయి.

"ఇది ఎప్పుడు తగిలిందమ్మా?" అన్నాను. తెలుగు అర్థమైంది. తండ్రి వైపు చూసి, చేతిని వెనక్కి దాచుకుంది. మళ్ళీ మెల్లగా అడిగితే, మంగళవారం అంది. పిల్లని ఎత్తుకోబోతే తల్లి కరిచిందట. ఎందుకు చెప్పలేదంటే, "బతాతీ తో పాపా ఇసే ఫింకవా దేతే" అంది. చెబితే నాన్న దీన్ని పారేయిస్తారట.

శ్రీధర్ అక్కడే సిమెంటు గట్టు మీద కూలబడ్డాడు. "ఒక్కలనన్న కరిస్తే సాలు, కంప్లెయింట్ ఇచ్చి ఎల్లగొట్టిస్త అని అన్నం కాడ నేనే అన్న మేడం. రోజు అన్న."

నాకు భయం వేసింది. ఆ భయాన్ని ఆయన దగ్గర దాచలేదు. రేబీస్ లక్షణాలు కనిపించాక ఏ మందూ పనిచేయదు, ఈలోపే టీకా పడాలి, ఆలస్యమైనా ఇప్పుడు మొదలుపెడితే మేలేనని చెప్పాను. పక్కనే ఉన్న కుళాయి కింద సబ్బు పెట్టి పాప చెయ్యి కడిగించాను. వాళ్ళ కారులోనే గవర్నమెంటు ఆసుపత్రికి వెళ్ళాం, నేనూ వెంట వెళ్ళాను. చీటీకి ఇచ్చిన చిల్లర తప్ప ఖర్చు కాలేదు. టీకా వేశారు, గాయం చుట్టూ సీరమ్ ఇంజెక్షన్ ఇచ్చారు. పెద్దవాళ్ళే ఓర్చుకోలేని సూది అది. అన్వి నా వేళ్ళు నలిపేసింది గానీ ఏడవలేదు. పొద్దున కుక్క కోసం ఏడ్చిన పిల్లేనా అనిపించింది.

డాక్టర్ చీటీ రాస్తూ, "కరిచిన కుక్క కనిపిస్తోందా?" అని హిందీలో అడిగాడు. కరిచిన రోజు నుంచి పది రోజులు అది బతికి ఆరోగ్యంగా ఉంటే, కరిచే సమయానికి దానికి రేబీస్ లేనట్టే. అందుకని దాన్ని రోజూ కళ్ళారా చూస్తుండాలి, అలాగని టీకాలు మాత్రం దాని కోసం ఆపకూడదు అన్నాడు. శ్రీధర్ చీటీ కూడా అందుకోకుండా ఫోన్ తీసి కాపలా మనిషికి చేశాడు. ఆ కుక్క గేటు దాటి పోకుండా చూడమన్నాడు, పాలు పొయ్యమన్నాడు, దాన్ని ఎవరైనా కర్రతో అదిలిస్తే ఊరుకోనన్నాడు. తర్వాత నా వైపు తిరిగాడు.

"దాన్ని ఎక్కడికి తీస్కపోకుండ్రి మేడం. నా కండ్ల ముందలనే ఉండాలె."

చీకటి పడ్డాక బాటా చౌక్‌లో మెట్రో ఎక్కి, లక్ష్మీ నగర్ వచ్చేదాకా ఆ పాప గురించే ఆలోచించాను. పొద్దున మేం ఆయన మాట విని కుక్కను యమున దాటించి ఉంటే శ్రీధర్ హాయిగా నిద్రపోయేవాడు. గాయం మానిపోయేది, అన్వి ఎప్పటికీ నోరు విప్పేది కాదు. ఆ తర్వాత ఏమయ్యేదో ఎవరూ చెప్పలేరు. కుక్కలకు మాత్రమే మేలు చేసే పని అని అందరూ దీన్ని కొట్టిపారేస్తారు. నేనూ సగం అలాగే అనుకున్నాను. ఇప్పుడు అలా అనుకోవడం లేదు. కుక్కను మాయం చేయరన్న నమ్మకం ఉన్న చోటే మనుషులు కరిచిందని పైకి చెబుతారు. శ్రీధర్ రోజూ ఆ కుక్క వీడియో పంపేవాడు, పది రోజుల గడువు దాటాక కూడా పంపడం మానలేదు. పాపకు టీకాలన్నీ పూర్తయ్యాయి. మునిసిపాలిటీ వాళ్ళకు నేను సరేనన్నాను.

ఇలాంటి కేంద్రం చూడటానికి వెళ్ళేవాళ్ళకైనా, ఇల్లు కదలని వాళ్ళకైనా నా సలహా ఒక్కటే. కుక్క పన్ను తగిలినా, గోరు గీరినా వెంటనే పావుగంట సేపు సబ్బుతో కడుక్కుని ఇంట్లో చెప్పమని మీ పిల్లలకు ఇవాళే చెప్పండి. చెబితే కుక్కను ఏం చేస్తారని వాళ్ళు తప్పకుండా అడుగుతారు. "దాన్ని ఏమీ చేయం" అని మాటివ్వండి. ఆ మాట మీద నిలబడండి.